నేలమాళిగ తలుపు ఎవరి చేతిలో ఉంది?

పోయిన ఎండాకాలం మోత్కూరులో మా పాత ఇంటి జాగాలో కొత్త ఇల్లు మొదలుపెట్టాను. ముగ్గు పోసిన నాడే మేస్త్రీ ఒక మాట అన్నాడు: "సారూ, రోడ్డు మీది జాగ. ఎట్లాగూ పునాది తవ్వుతనే ఉన్నం. ఇంకో ఆరడుగులు దింపితే సెల్లార్ అయితది. షట్టర్ పెట్టి కిరాయికియ్యొచ్చు. లేకుంటే పొరగాండ్లకు ట్యూషన్ పెట్టుకోండ్రి. ఎండాకాలం ఏసీ గూడ అక్కర్లేదు."

మాట సబబుగానే తోచింది. లెక్క చూసుకుంటే ఖర్చు కొంత పెరుగుతుంది గాని, నాలుగైదేళ్ల కిరాయితో అది తిరిగి వస్తుంది. నేను ఒప్పుకునేవాణ్ణే. కాని మూడో నాడు తూర్పువైపు తవ్వుతున్న కూలీ పార కింద నేల డొల్లగా మోగింది. మట్టి తీసి చూస్తే ఒక పాత పాతర బయటపడింది. మూతి ఒక మనిషి దిగేటంత. లోపల కుండ కడుపులాగా వెడల్పు. గోడలకు నల్లబడిన గడ్డి ఆనవాళ్లు. బంగారం ఉంటుందేమోనని కూలీలు నవ్వుకున్నారు. వారిలో పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒకడు కాలు లోపల పెట్టి దిగబోయాడు. అంతదాకా అటువైపు రాని మా నాయిన ఒక్క పరుగున వచ్చి వాడి రెక్క పట్టుకుని లాగాడు. "దీపం దింపకుంట దిగుతవా?" అని కసిరాడు. డెబ్బయ్యేళ్ల మనిషి, చేతులు వణుకుతున్నాయి. నా వైపు తిరిగి, "దాన్ని పూడిపించు బిడ్డా" అని చెప్పి లోపలికి పోయాడు.

నేల కింద గదులు కట్టుకోవటం మంచిదా కాదా అన్నది ఇంజనీరు తేల్చవలసిన ప్రశ్న అని నేను అంతవరకూ అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆ సాయంత్రం నుంచీ అది నాకు నీతికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తున్నది. ఎట్లా అన్నది ఈ వ్యాసంలో చెప్పటానికి ప్రయత్నిస్తాను.

ముందుగా న్యాయంగా మాట్లాడుకోవాలి. నేల కింద అనగానే చీకటి, దోపిడీ అని తీర్పు చెప్పెయ్యటం అభ్యుదయ దృక్పథం కాదు. అది ఆలోచించటానికి బద్ధకం. కొన్ని గజాల లోతున భూమి ఎండకూ చలికీ అంతగా లొంగదు. అక్కడి వేడిమి ఏడాది పొడుగునా ఆ ప్రాంతపు సగటు వేడిమికి దగ్గరగానే నిలిచి ఉంటుంది. పైన నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు కింద మనిషి హాయిగా ఊపిరి పీల్చుకోగలడు. ఈ సంగతి మనిషి ఏనాడో కనిపెట్టాడు. ఉత్తర చైనాలో పసుపుమట్టి గుట్టలను తొలిచి రైతులు తరతరాలుగా కాపురాలు చేశారు. 1937 నుంచి 1947 దాకా చైనా కమ్యూనిస్టు పార్టీ కేంద్రం యెనాన్‌లో అటువంటి గుహల్లోంచే పనిచేసింది. ట్యునీషియాలోని మత్మాతాలో గుంటలు తవ్వి, ఆ గుంటల గోడల్లో ఇళ్లు తొలుచుకున్నారు. ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో 1915లో ఓపల్ రాళ్లు దొరికిన తరవాత గనిపనివాళ్లు మండుటెండకు తట్టుకోలేక భూమిలోనే ఇళ్లు చేసుకున్నారు. మన దగ్గర దిగుడుబావులకు వచ్చిన ఆడవాళ్లు మెట్ల మీద కూచుని చల్లగాలిలో కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఏటేటా ఎండలు ముదురుతున్న ఈ కాలంలో, జాగా ధర ఆకాశానికి ఎక్కిన ఈ కాలంలో, మనం కిందికి చూడటం సహజం. మా మేస్త్రీ మాటలో తెలివితక్కువ ఏమీ లేదు.

కాబట్టి భూమిలో తప్పు లేదు. మరి మా నాయిన చేతులు ఎందుకు వణికాయి?

ఇప్పుడు మా ఇల్లు ఉన్న జాగా ఒకప్పుడు ఒక దొర కొట్టం. గడి చల్లబడిన తరవాత మా తాత రెండెడ్లను అమ్మి అందులో ఒక ముక్క కొన్నాడు. అంతకు ముందు ఆయనా, ఆయన తమ్ముడూ ఆ కొట్టంలోనే జీతగాళ్లు. మొరం నేలలో, నీటి ఊట తగలని చోట పాతర తవ్వేవారు. లోపల జొన్నసొప్పో గడ్డో దట్టంగా పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి, మట్టితో మూతి మూసి అలికేవారు. గాలి సోకని ధాన్యానికి పురుగు పట్టదు. ఏళ్లతరబడి నిలుస్తుంది. గోడలకు ఆనుకున్న జొన్నలు మాత్రం చెమ్మ తగిలి నల్లబడి ఒక వాసన వేస్తాయి. నడుమనున్న మంచి జొన్నలు అంగడికి పోయేవి. గోడవార జొన్నలు కూలికి కొలిచేవారు. విత్తనం లేక, తిండి లేక వచ్చిన రైతుకు నాగుకు ఇచ్చేవారు. ఒక పుట్టి తీసుకుంటే పంట నాటికి పుట్టిన్నర కొలవాలి.

పాతరలో ఇంకొక సంగతి ఉంది. ధాన్యం కూడా ఊపిరి పీలుస్తుంది. మూసిన పాతరలో అది ప్రాణవాయువును మింగి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. అందువల్ల మూత తీయగానే లోపలికి దిగగూడదు. కొంతసేపు విడిచిపెట్టి, తాడుకు దీపం కట్టి దింపి చూడాలి. దీపం నిలిస్తే మనిషి దిగవచ్చు, ఆరిపోతే ఆగాలి. ఇది సైన్సు పుస్తకం చదవని మన రైతు అనుభవంతో నేర్చుకున్న సైన్సు. కాని దీపం నిలిచేదాకా ఆగటానికి ఓపిక ఉండాలి. పొద్దు వాలుతున్నది, బండ్లు కట్టి ఉన్నాయి, దొర మనిషికి ఆ ఓపిక లేకపోయింది. మా తాత తమ్ముణ్ణి దిగమన్నాడు. అతనికి అప్పుడు పద్నాలుగేళ్లు. మళ్లీ పైకి రాలేదు. వాళ్ల అమ్మకు కుంచెడు జొన్నలు కొలిచి పంపారట. అదే పాతర జొన్నలు. ఇదంతా మా తాత మా నాయినకు చెప్పినది. మా పునాదిలో బయటపడిన పాతర అదేనో కాదో ఎవరికీ తెలియదు. కొట్టంలో పాతరలు చాలా ఉండేవట.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక మాట మీదికి నా దృష్టి పోతుంది. పాతు అనే క్రియతో చుట్టరికం గల మాట పాతర. పాతర వేశారంటే మన భాషలో దాచారనీ అర్థమే, పూడ్చిపెట్టారనీ అర్థమే. ధాన్యాన్నీ పాతర వేస్తారు, న్యాయాన్నీ పాతర వేస్తారు. ఒకే గుంట ఒకరికి నిధి, మరొకరికి గోరీ కావటం మన పూర్వులు కళ్లతో చూసిన విషయం. భాష దాన్ని దాచలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరవాత తెలంగాణ పల్లెల్లో లేచిన సంఘాలు భూములతో పాటు దొరల ధాన్యాన్ని కూడా స్వాధీనం చేసుకుని పంచాయి. ఆ చరిత్రను మనం భూమి లెక్కలతో చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇప్పుడు మరొక సంగతి ముఖ్యంగా కనిపిస్తున్నది: అప్పటిదాకా ఎవరు దిగాలో, ఎప్పుడు దిగాలో, పైకి వచ్చిన దానిలో ఎవరికెంతో నిర్ణయించేవాడు మూతి దగ్గర నిలబడ్డవాడు. మొదటిసారిగా దిగేవాళ్లే వాటిని నిర్ణయించారు.

ఇక్కడే అసలు ప్రశ్న ఉన్నదని నా అభిప్రాయం. నేల కింది గదిని చూసినప్పుడు మనం అడగవలసినవి మూడు: తవ్వినది ఎవరు? లోపల ఉండేది ఎవరు? తలుపు ఎవరి చేతిలో ఉంది? ఈ మూడింటికీ జవాబు ఒకే మనిషి అయినప్పుడు నేలమాళిగ ఇల్లే. మూడింటికీ ముగ్గురు వేరువేరు మనుషులైనప్పుడు, అది ఎంత చల్లగా ఉన్నా, ఎంత తెల్లని రాయి పరిచినా, పాతరే.

తవ్వేవాళ్ల సంగతి మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతటా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, తట్టా పారా పట్టుకుని వెళ్లి, ఎక్కడెక్కడి కట్టలకో కాలువలకో మట్టి మోసిన జిల్లా అది. తమ చేను ఎండిపోతుండగా పరాయి చేలకు నీళ్లు పారించారు. ఇప్పుడు చక్రం మరొక చుట్టు తిరిగింది. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లను మా నల్లగొండ వైపు తేవటానికి సుమారు నలభై నాలుగు కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, సొరంగంలో దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. మార్చి నెల ముగిసేనాటికి ఇద్దరి దేహాలు మాత్రమే బయటికి వచ్చాయి. నిన్న పాలమూరు మనిషి పరాయి నేలలో పడిన కష్టం ఇవాళ పరాయి మనిషి పాలమూరు నేలలో పడుతున్నాడు. ఆ ఫిబ్రవరి నెల మొదట్లోనే హైదరాబాదు ఎల్.బి. నగర్‌లో ఒక భవనానికి సెల్లార్ తవ్వుతుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఆ వార్త చదివి పేజీ తిప్పిన లక్షమందిలో నేనూ ఒకణ్ణి. నా పునాదిలో పార మోగిన తరవాత గాని అది నాకు మళ్లీ జ్ఞాపకం రాలేదు.

ఇక లోపల ఉండేవాళ్లు. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితి మీద పుస్తకం ప్రచురించినప్పుడు, లివర్‌పూల్‌లో 7,862 నేలమాళిగల్లో నలభై అయిదు వేలమందికి పైగా బతుకుతున్నారని లెక్క చెప్పాడు. గాలీ వెలుతురూ లేని తడి గదులవి. అది పెట్టుబడిదారీ విధానం బాల్యదశ, ఇప్పుడు మారిందని కొందరంటారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో యుద్ధభయంతో ఇళ్ల కింద రక్షణ గదులు ఉండాలని 1970లో నిబంధన పెట్టారు. యుద్ధం రాలేదు, ఆ గదులు పేదల అద్దె కొంపలయ్యాయి. 2022 ఆగస్టు 8 రాత్రి కుంభవృష్టి కురిసి ఒక గదిలోకి నీళ్లు వచ్చాయి. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోక ఒకే కుటుంబంలో ముగ్గురు అందులోనే పోయారు. 2024 జులై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ కేంద్రం నేలమాళిగలో చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు వాననీటిలో మునిగిపోయారు. వాహనాలకూ సామాన్లకూ మాత్రమే అనుమతి ఉన్న చోట పుస్తకాలూ పిల్లలూ ఉన్నారు. మా మేస్త్రీ నాకు చెప్పిన ట్యూషన్ గది ఇదే గదా!

హైదరాబాదులో సెల్లార్ వాహనాలు నిలపటానికే గాని కాపురానికి కాదని చట్టం. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు ఎంత నిర్మాణానికి ఎంత చోటు వాహనాలకు విడవాలో లెక్క కట్టి చెప్పాయి. మనిషి అక్కడ ఉండగూడదనే మాట మంచిదే. కాని ఆ సెల్లార్లోనే, లిఫ్టు గుంట పక్కన, మెట్ల కింద, వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. చట్టం ప్రకారం వాళ్లు అక్కడ లేరు. లేనివాళ్లకు కిటికీ అడగటానికి వీలు లేదు. ఈ కుటుంబాల్లో ఎన్నో మా నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ పోయినవే. మా కాలేజీలో ఒక కుర్రవాడు ఉండేవాడు. అచ్చంపేట వైపు వాడు. తలిదండ్రులు హైదరాబాదులో ఒక అపార్టుమెంటు కింద ఉండేవారు. సెలవులకు అక్కడికే పోయేవాడు. "ఎట్లుంటదిరా అక్కడ?" అని ఒకసారి అడిగాను. "సల్లగుంటది సార్" అన్నాడు. కొంచెం ఆగి, "కార్లు వచ్చినప్పుడు లేవాలె, అంతే" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేకపోవటమే నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

ఈ విషయం మీద మా కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే మిత్రుడితో చాలా వాదన జరిగింది. ఆయన ఆక్షేపణలు రెండు. రెండూ తేలికగా కొట్టెయ్యదగినవి కావు.

మొదటిది: "పదో అంతస్తు పరంజా మీద నుంచి పడి చచ్చేవాళ్లు లేరా? కిందికి తవ్వటం పాపమైతే పైకి కట్టటమూ పాపమే." ప్రమాదం అన్ని పనుల్లోనూ ఉన్నమాట నిజమే. ఐతే పరంజా మీది మనిషి వీధిలో పోయేవాడికి కనిపిస్తాడు. అతని నడుముకు తాడు ఉన్నదీ లేనిదీ నలుగురూ చూడగలరు. నేల కింది మనిషి కనిపించడు. పైనున్న సమాజం అతన్ని మరిచిపోవటానికి ప్రయత్నించనక్కర్లేదు. కట్టడమే ఆ పని చేసి పెడుతుంది. మనుషుల చేత మలం ఎత్తించరాదని 1993లో ఒక చట్టం, మాన్‌హోళ్లలోకి రక్షణ లేకుండా మనిషిని దింపరాదని 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. ఐనా దిగుతున్నారు, చస్తున్నారు. దిగేది ఏ కులాలవాళ్లో అందరికీ తెలుసు. మూతి చిన్నది, తొంగి చూసేవాళ్లు తక్కువ. భూమి దోపిడీని పుట్టించదు, కాని దాన్ని కప్పిపెట్టటానికి అంతకంటే మంచి మూత లేదు. కాబట్టి నేల పైన ఎంత జాగ్రత్త చాలునో, కింద అంతకు రెట్టింపు కావాలి. కనిపించని చోటును చూడటం అక్కడ బాధ్యతలో మొదటి మెట్టు.

రెండవది: "ఎవరూ మెడపట్టి తొయ్యటం లేదు. ఆ గది కూడా లేకపోతే వాచ్‌మన్ ఎక్కడ పడుకుంటాడు? నీ నీతి వాడికున్న గూడు కూడా పీకేస్తుంది." ఇది గట్టి మాట. దీనికి నా జవాబు: గత్యంతరం లేనివాడి అంగీకారాన్ని మనం అనుమతిగా చూపించుకోరాదు. మా తాత తమ్ముడు కూడా తనంతట తానే దిగాడు, ఎవరూ తొయ్యలేదు. గది పీకెయ్యమని నేనటం లేదు. వాచ్‌మన్‌కు గది కావాలంటే ఆ భవనం నేల పైన, కిటికీతో, ఒక గది ఇవ్వగలదు. కార్లకు అన్ని చదరపు గజాలు లెక్క కట్టగలిగిన చట్టం మనిషికి ఒక్క గది లెక్క కట్టలేదా? కట్టలేకపోవటం ఇంజనీరింగు లోపం కాదు.

దీనికి తిరుగులేని సాక్ష్యం ఏమంటే, అందరికీ చెందిన నేలమాళిగలు లోకంలో ఉన్నాయి. 1935లో తెరిచిన మాస్కో భూగర్భ రైలు స్టేషన్లను పాలరాయితో, దీపతోరణాలతో కట్టారు. ఫ్యాక్టరీకి పోయే మనిషి దిగే చోటు రాజమందిరంలా ఉండాలని సంకల్పించారు. ఆ కట్టడంలో కూలీలు పడిన యాతనను, పోయిన ప్రాణాలను మనం దాచనక్కర్లేదు. దాస్తే మనమూ ఒక పాతర వేసినవాళ్లమే. మనకు దగ్గర్లో, చెత్తతో పూడిపోయిన సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022లో తెరిచారు. ఆ మెట్లు ఎవరైనా దిగవచ్చు, ఎప్పుడైనా ఎక్కిరావచ్చు. నేల కిందే ఉన్నా అది పాతర కాదు. పైనుంచి వెయ్యటానికి దానికి మూత లేదు.

ఇంతా చెప్పి నేనేం చేశానని పాఠకులు అడగవచ్చు. సెల్లార్ వద్దన్నాను. పాతర పూడిపించాను. ఇందులో గొప్పేమీ లేదు. మేస్త్రీకి, అతని వెంట వచ్చిన ఆరుగురికి ఇరవై రోజుల పని పోయింది. ఆ సంగతి అతను నా ముఖం మీదనే చెప్పాడు. నా దగ్గర కిరాయి ఆశ వదులుకోగల జీతం ఉంది గనక నా నీతి నాకు చౌకగా వచ్చింది. పైగా నేను వద్దనలేనిది ఒకటి ఉంది. ఆ సొరంగం ఏదో ఒకనాడు పూర్తి అయితే కృష్ణ నీళ్లు ఫ్లోరైడుతో ఎముకలు వంగిన మా జిల్లా పల్లెలకు వస్తాయి. రావాలి. ఆ పల్లెల్లో నాకు చుట్టాలున్నారు. నేనూ ఆ నీళ్లు తాగుతాను. బయటికి రాని ఆరుగురి మీదుగా పారే నీళ్లను తాగుతూ నేను సెల్లార్ కట్టలేదు గదా అని తృప్తిపడటం వంచన అవుతుంది.

కనుక మన ముందున్నది తవ్వాలా వద్దా అన్నది కాదు. తవ్వక తప్పదు, ఎండలు, జనాభా, నీటి కరువు మనల్ని ఇంకా లోతుకు దింపుతాయి. ఎవరి షరతుల మీద తవ్వాలి అన్నదే ప్రశ్న. దిగేవాడు దిగనంటే ఆ రోజు కూలి పోగూడదు. లోపల ఉండే ప్రతి చోటుకూ రెండో దారి ఉండాలి. తలుపు లోపలినుంచి తెరుచుకోవాలి. దిగినవాడి పేరు పైన రాసి ఉండాలి. పని ముగిసిన తరవాత కూడా, ఆ కట్టడం మీదనే. ఇవి విప్లవాలు కావు, కనీసపు కోర్కెలు. ఐనా వీటిని అడిగే సంఘం లేనిచోట ఏ చట్టమూ వాటిని తెచ్చి చేతిలో పెట్టదు. విద్యార్థులు తమ హాస్టళ్ల కింద, ఉపాధ్యాయులు తమ అపార్టుమెంట్ల కింద ఎవరున్నారో ముందు ఒకసారి దిగి చూడాలి. మనలో చాలామందిమి రోజూ వాళ్ల తలల మీదుగానే నడిచిపోతున్నాం.

పాతర పూడ్చిన నాడు దిగబోయిన ఆ కుర్రవాడు మా నాయినను అడిగాడు: "తాతా, దీపం ఆరిపోతే ఏం చేసెటోళ్లు?" మా నాయిన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆగేటోళ్లు. ఆగనిచ్చినోళ్ల దగ్గర" అన్నాడు.